పాత పంటల జాతర వెంట

‘సాహిత్యం, పర్యావరణం, సమాజం’ అని ఫ్లెక్సీ కట్టిన సభలు ఈమధ్య బాగా ఎక్కువయ్యాయి. నేనూ వెళ్తుంటాను. ఏసీ హాలు, వేదిక మీద ఏడెనిమిది కుర్చీలు, సగం టైము ఒకరినొకరు పొగుడుకోవడానికే సరిపోవడం, చివర్లో శాలువాలు, భోజనాలు. మంచి మాటలు వినబడవని కాదు, వినబడతాయి. కానీ ఆ మూడు మాటలూ ఒకే వరుసలో కనబడితే చాలు, నా మనసు ఆ హాల్లో నిలవదు. జహీరాబాద్ పక్క ఊళ్లలో ఎడ్లబండ్ల వెనకాల దుమ్ములో నడుస్తుంటుంది.

2000 దాటిన తొలి ఏళ్లు. అప్పుడు నేను తెలుగు ఎమ్మే చదువుతున్నాను. జానపద సాహిత్యం పేపరుకు ఫీల్డ్‌వర్క్ చెయ్యాలి. “పుస్తకాల్లోంచి పాటలు ఎత్తి రాసుకొస్తే మార్కులు వెయ్యను” అని మా మేడం ముందే తేల్చి చెప్పేశారు. ఎక్కడికి వెళ్లాలో తోచక డిపార్ట్‌మెంట్ వరండాలో తచ్చాడుతుంటే ఆవిడే పిలిచి, పస్తాపూర్ వెళ్లమన్నారు. “సంక్రాంతికి అక్కడి ఆడవాళ్లు బండ్లు కడతారు. ఊరూరా తిరుగుతారు. నువ్వు ఇంటర్వ్యూలూ గింటర్వ్యూలూ పెట్టుకోకుండా వాళ్ల వెంట నడు” అన్నారు. ఆవిడ ఇచ్చిన సలహాల్లో ఇంత పనికొచ్చింది ఇంకోటి లేదు.

నేను పుట్టి పెరిగింది కృష్ణా డెల్టాలో. కాలువ నీళ్లు, వరి చేలు, మినుము. వానల కోసం ఆకాశం వైపు చూసే వ్యవసాయం మా ఇళ్లలో తెలియదు. జొన్నన్నం అన్న మాట తాతయ్య చిన్నప్పటి కబుర్లలో వినడమే గానీ తిని ఎరగను. అలాంటిదాన్ని హాస్టల్ స్నేహితురాలి దగ్గర టేప్‌రికార్డరు అడిగి తీసుకుని, బ్యాగులో ఖాళీ క్యాసెట్లు వేసుకుని లింగంపల్లిలో బస్సెక్కాను. సంగారెడ్డి, సదాశివపేట దాటాక నేల రంగు మారిపోయింది. ఒకచోట ఇటుకపొడి పోసినట్టు ఎర్రగా, ఇంకో మైలు పోతే నల్లరేగడి. రోడ్డు పక్కన బోర్డుల మీద తెలుగు ఉంది గానీ, బస్సులో మాటల్లో కన్నడం, ఉర్దూ, తెలుగు కలిసిపోయి ఉన్నాయి. బీదర్ ఎంతో దూరం లేదు మరి.

దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఆ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తోంది. ఊరూరా ఆడవాళ్ల సంఘాలు. వాటిలో ఎక్కువమంది దళిత మహిళలు, ఎకరం, రెండెకరాల మెట్ట ఉన్నవాళ్లు. పస్తాపూర్, మాచ్‌నూర్, హుమ్నాపూర్, బిడకన్నె, అల్గోల్ లాంటి ఊళ్లు. అప్పటికి మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. ఈ సంఘాల వాళ్లు కలిసి చేసేదే పాత పంటల జాతర. సంక్రాంతికి మొదలై దాదాపు నెల రోజులు సాగుతుంది. ఒక్కో రోజు ఒక్కో ఊరు.

జాతర ఊళ్లోకి రావడం చూడాలి. ముందు డప్పులు. వాటి వెనక కోలాటం వేస్తూ ఆడవాళ్లు. ఆ తర్వాత బండ్లు, ఒకదాని వెనక ఒకటి. ఎడ్ల కొమ్ములకు రంగులు, మెడలో గజ్జెలు. బండి చుట్టూ జొన్న కంకులు, కొర్ర వెన్నులు, బంతిపూలు, మామిడాకులు కలిపి కట్టిన తోరణాలు. బండి మీద ఈతాకు బుట్టల్లో, మట్టి కుండల్లో విత్తనాలు. ఊరి పొలిమేరలో ఆ ఊరి ఆడవాళ్లు బిందెలతో ఎదురొచ్చి ఎడ్ల కాళ్లు కడిగారు. పసుపు, బొట్టు పెట్టి, హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టారు. తెలియనివాళ్లు చూస్తే బండిలో ఏ ఎల్లమ్మ విగ్రహమో ఉందనుకుంటారు. ఉన్నవి గింజలే. ఒక ముసలామె జొన్న బుట్ట ముందు నిలబడి, రెండు చేతులూ జోడించి, గొణుక్కుంటూ ఏదో చెప్పుకుంది. ఏం చెప్పుకుందో దగ్గరికెళ్లి వినే ధైర్యం చెయ్యలేదు నేను.

ఆ బుట్టల్లో ఉన్నవాటి పేర్లు రాసుకోవడానికే నాకు ఒక పూట పట్టింది. జొన్నలోనే పచ్చజొన్న, తెల్లజొన్న, ఎర్రజొన్న. సజ్జ, కొర్ర, సామ, తైదలు. కందుల్లో రకాలు, అనుముల్లో రకాలు, ఉలవలు, పెసలు, బబ్బెర్లు, శనగలు. అవిసెలు, కుసుమలు, నువ్వులు, వాము, ధనియాలు, పుంటికూర గింజలు. చదువుకున్నదాన్ని కదా అని ఒక్కోదానికీ స్పెల్లింగు అడుగుతుంటే బండి దగ్గరున్న ఆవిడ నవ్వి, “పేరు రాస్కుంటె ఏమొస్తది బిడ్డా? నోట్లె ఏస్కో” అని నాలుగు గింజలు అరచేతిలో పోసింది.

సాయంత్రం హనుమాన్ గుడి ముందు అరుగు దగ్గర అందరూ చేరారు. మైకు ఉంది. కానీ మైకు ముందు మాట్లాడినవాళ్లకంటే కింద కూర్చున్నవాళ్లు ఎక్కువ మాట్లాడారు. సంఘం ఆవిడ ఒకరు నేల మీద ముగ్గుతో పెద్ద గళ్లు గీశారు. ఒక్కో గడి ముందు ఒక్కో పంట గింజలు గుప్పెడు పోశారు. పక్కనే చింతగింజల కుప్ప. ఇక ప్రశ్నలు మొదలు. రుచికి ఏది? పశువుల మేతకు ఏది? నేలకు బలమిచ్చేది ఏది? బాలింతకు ఏది పెడతారు? అంగట్లో ధర దేనికి? ప్రతి ప్రశ్నకూ ఆడవాళ్లు లేచి చింతగింజలు తీసుకుని తమకు నచ్చిన గళ్లలో పెట్టాలి. ఒకామె పెట్టినవి ఇంకొకామె తీసేస్తుంది. “సజ్జలకు గన్ని ఎందుకు? ఎండకాలం తిని సూడు, ఏడి చేసి సస్తవ్” అని ఒకరు, “మా అత్త చలికాలమంత సజ్జరొట్టెలే పెట్టింది, నాకేమైంది?” అని ఇంకొకరు. అరగంట గడిచేసరికి అక్కడ నేల మీద ఆ ఊరి తిండి, పశువులు, భూమి, బజారు అన్నీ లెక్కతో సహా పరిచి ఉన్నాయి. అక్షరం ముక్క లేదు. సర్వే ఫారాలు పట్టుకుని తిరిగిన రోజులు తర్వాత నా ఉద్యోగంలో చాలా వచ్చాయి గానీ, జనం ఇంత సరదాగా పోట్లాడుకుంటూ జవాబులిచ్చిన సర్వే మళ్లీ చూడలేదు.

అందరూ సరేనన్నారని కాదు. వెనక నిలబడ్డ ఒకాయన గట్టిగానే అడిగాడు. “జొన్నలేస్తె బిడ్డ పెండ్లి ఎట్ల చెయ్యాలె? చెరుకేస్తె ఫ్యాక్టరీ నుంచి ఒక్కసారి పైసలొస్తయ్.” ఆ ప్రాంతమంతా అప్పటికే చెరుకు, అల్లం, ఆలుగడ్డ బాగా పాకాయి. ఆయన ప్రశ్నకు సంఘం వాళ్ల దగ్గర రెడీమేడ్ జవాబు లేదు. ఒకామె మాత్రం, “పెండ్లికి పైసలు గావాలె, నిజమే. పెండ్లైన తెల్లారి ఏం తింటవ్?” అంది. జనం నవ్వారు. ఆయనా నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. ఆ వాదన అక్కడితో తెగలేదు, ఇప్పటికీ తెగలేదు.

పాటల సంగతికి వస్తాను, నేను వెళ్లింది అందుకే కాబట్టి.

ఒక అవ్వ బాగా పాడుతుందని అందరూ చెప్పారు. పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి, చాప మీద టేప్‌రికార్డరు పెట్టి, “పాడు అవ్వా” అన్నాను. ఆమె రికార్డరు వంక చూసింది, నా వంక చూసింది. రెండు చరణాలు పాడి ఆగిపోయింది. “ఊకె కూసొని ఎట్ల పాడాలె? చేతులు ఊకుంటె నోరు రాదు” అని లేచి, ఇసుర్రాయి దగ్గర కూర్చుని, గుప్పెడు జొన్నలు పోసి తిప్పడం మొదలుపెట్టింది. అప్పుడొచ్చింది పాట. రాయి తిరిగే లెక్కకు పాట లెక్క కుదిరిపోయింది. గింజ పోయడానికి చెయ్యి ఆపినప్పుడు గొంతు సాగదీస్తుంది, రాయి బరువెక్కితే పదం విరుస్తుంది. ఏ పంట సాళ్ల పక్కన ఏ పంట వెయ్యాలో, ఎప్పుడు కలుపు తియ్యాలో, పుట్టింటి వాళ్లు ఎందుకు రాలేదో అన్నీ అదే పాటలో. ఒక చరణంలో అనుముల తీగ జొన్నకర్రకు ఎగబాకుతుంది, తర్వాతి చరణంలో మరిది మీద ఫిర్యాదు. మా సిలబస్‌లో శ్రమగేయాలు ఒక అధ్యాయం, స్త్రీల పాటలు ఇంకో అధ్యాయం, వ్యవసాయ సామెతలు మరోటి. అవ్వ దగ్గర అన్నీ ఒకే పిండిలో కలిసి రాలుతున్నాయి.

ఒక వైపు క్యాసెట్ అయిపోయి టక్కున ఆగింది. నేను తిప్పి వేసేలోగా ఆమె ఒక చరణం పాడేసింది. మళ్లీ పాడమంటే “గది అయిపోయింది” అంది. పిండి కూడా అయిపోయింది.

మధ్యాహ్నం ఆమె చేనుకు తీసుకెళ్లింది. జనవరిలో అక్కడ యాసంగి జొన్న పాలు పోసుకుని గట్టిపడే దశలో ఉంటుంది. వానలు వెనక్కి పోయాక వేసిన పంట. నల్లరేగడిలో మిగిలిన తడి, రాత్రిళ్లు కురిసే మంచు, అంతే దాని ఆధారం. ఇలా నీళ్లడగకుండా పండేవాటిని వాళ్లు సత్యం పంటలంటారు. చేను అంచున కుసుమలు ముళ్లతో నిలబడి ఉన్నాయి. పశువు మూతి పెట్టదు. ఖర్చు లేని కంచె. గట్టు మీద పుంటికూర. ఎకరంలోనే ఏడాదికి పదిహేను, ఇరవై రకాలు పండిస్తారని విన్నప్పుడు నాకు నమ్మకం కుదరలేదు. చేలో నిలబడి ఆమె ఒక్కోటీ వేలితో చూపిస్తుంటే లెక్క సరిపోయింది. కంది నేలకు సత్తువనిస్తుంది, జొన్న తీగలకు నిలువు ఇస్తుంది, వాన తేడా చేస్తే ఏదో ఒకటైనా చేతికొస్తుంది. ఇవన్నీ ఇప్పుడు వ్యవసాయ పత్రికల్లో మిశ్రమ పంటల మీద వ్యాసాలుగా వస్తున్నాయి.

వెయ్యకుండా మొలిచేవి ఇంకో లోకం. తుమ్మికూర, దొగ్గలికూర, ఎలుకచెవికూర, పుల్లచెంచలి. కలుపు మందు కొట్టిన చేలో ఇవి ఉండవు. సొసైటీ వాళ్లు, సంఘాల ఆడవాళ్లు కలిసి ఆ చుట్టుపక్కల ఇలా తినే ఆకులు వంద దాకా లెక్కకట్టారు. అవ్వ నడుస్తూ నడుస్తూనే కొంగులోకి కోసుకుంటోంది, మాట ఆపకుండా. ఆ పూట కూర అదే.

విత్తనం దాచే పద్ధతి మాత్రం దగ్గరగా చూశాను. కోత కొయ్యకముందే చేలో తిరిగి, కంకి నిండుగా, పురుగు లేకుండా, ఒకే తీరున ఉన్నవాటిని ఏరి గుడ్డ పీలిక కట్టేస్తుంది. ఎవరూ వాటిని తాకకూడదు. విడిగా కోసి, నీడలో ఆరబెట్టి, చేత్తో నలిచి, గింజకు బూడిద పట్టించి, కుండలో అడుగున ఎండిన వేపాకు, మధ్యలో గింజ, పైన మళ్లీ వేపాకు వేసి, మూతికి మట్టి, పేడ కలిపి మెత్తుతుంది. ఎరగని వాళ్లు మూత తియ్యకుండా పైన చిన్న బొట్టు. ఎవరైనా వచ్చి విత్తనం అడిగితే? ఇస్తుంది. సోలెడు ఇస్తే పంటయ్యాక రెండు సోలలు తెచ్చివ్వాలి. పైసలు తీసుకోదు. సంఘాల విత్తన బ్యాంకులు నడిచేది కూడా ఈ పద్ధతిలోనే. తిరిగొస్తూ నాకు పచ్చికంకి మంటలో కాల్చి, అరచేతుల మధ్య నలిచి, పొట్టు ఊదేసి ఊసబియ్యం పెట్టింది. నాలిక మీద తియ్యగా, పాలపాలగా ఉంది. డెల్టా వాళ్ల బియ్యం గర్వం నాకు కాస్త అక్కడ సడలింది.

ఈ పంటలు ఎందుకు పోయాయని ప్రతి ఊళ్లోనూ అడిగేవారు. ప్రతి ఊళ్లోనూ ముందొచ్చే జవాబు బియ్యం. ఎన్టీఆర్ ప్రభుత్వం 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. పేదింటికి అన్నం తెచ్చిన పథకం అది, దాన్ని తీసిపారెయ్యడానికి లేదు. అక్కడి ఆడవాళ్లూ తీసిపారెయ్యలేదు. కానీ రేషన్ షాపులో బియ్యం దొరుకుతుంటే రాళ్ల నేలలో జొన్న ఎవరు వేస్తారు? భూములు బీడు పడ్డాయి. బీడు పడ్డ భూమిలో కూలి లేదు, పశువుకు చొప్ప లేదు. 1990ల మధ్యలో సంఘాలు ఆ బీళ్లను మళ్లీ సాగులోకి తెచ్చాయి. దున్నుకోవడానికి అప్పు ఇచ్చి, దాన్ని పైసల్లో కాకుండా జొన్నల్లో తిరిగి తీసుకుని, ఊళ్లోనే నిల్వచేసి, పనులు దొరకని వానాకాలంలో పేదవాళ్లకు చవగ్గా అమ్మడం. ఎవరు పేదవాళ్లో ఊరివాళ్లే కూర్చుని తేల్చేవారు. ఇదంతా నాకు ఒక మీటింగులో కాదు, బండి పక్కన నడుస్తుంటే ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఒక ముక్క ఒక ఊళ్లో, ఇంకో ముక్క పక్క ఊళ్లో.

ఆ నడకలో నాకు మాటిమాటికీ తాతయ్య గుర్తొచ్చేవాడు. మా వైపు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిచేదని చెప్పేవాడు. అది కట్టుకథ కాదు. పాతూరి నాగభూషణం గారు పెదపాలెంలో 1935లో మొదలుపెట్టిన బోటు గ్రంథాలయం. పడవ రేవుకు చేరితే జనం పుస్తకాలు మార్చుకునేవారు. పడవ వచ్చే రోజు రేవు దగ్గర పిల్లలు కాపుకాసేవారట. డెల్టాకు కాలువ ఉంది కాబట్టి పడవలో పుస్తకం వచ్చింది, మెట్టకు బండి ఉంది కాబట్టి బండి మీద విత్తనం వచ్చింది అనుకునేదాన్ని. ఒక తేడా ఉంది. పడవలో వచ్చింది వేరేచోట రాసిన పుస్తకం. బండి మీద వచ్చింది పక్క ఊరి వాళ్లు పండించింది, దాని గురించి చెప్పేది కూడా ఆ పండించిన మనిషే. రెండూ నాకు ఇష్టమే, కాకపోతే రెండోదాన్ని చదవడానికి నాకు ఏ డిగ్రీ పనికిరాలేదు.

రాత్రిళ్లు స్కూలు వరండాలో టీవీ పెట్టి సినిమాలు వేసేవారు. సంఘం ఆడవాళ్లు తీసినవే. కెమెరా పట్టడం, ఎడిటింగ్ అన్నీ నేర్చుకుని, పత్తి రైతుల కష్టాల మీద వరంగల్ దాకా వెళ్లి తీసుకొచ్చారు. సొసైటీని నిలబెట్టినవాళ్లలో ఒకరైన పి.వి. సతీష్ గారు అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసినాయన, ఆ ప్రభావం ఉండి ఉంటుంది. కెమెరా పట్టే ఆవిడను షాట్ల గురించి అడిగితే ఇంగ్లిష్ పేర్లు చెప్పలేదు. మనిషి కంటికి సమానంగా పెట్టి తీస్తే సంఘం షాట్, పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. చెప్పి మళ్లీ వైరు చుట్టుకునే పనిలో పడింది. చలి మాత్రం ఎముకలు కొరికేసేది. డెల్టా నుంచి ఒక్క పల్చటి శాలువాతో వచ్చినదాన్ని. ఎవరో గొంగడి కప్పారు. దాని ముతకదనానికి మొదటి రాత్రి నిద్ర పట్టలేదు, ఆ తర్వాత అది లేకపోతే పట్టేది కాదు.

మాచ్‌నూర్ వెళ్లినప్పుడు ఇంకో వింత. అక్కడ రేడియో స్టేషన్ ఉంది. గది ఉంది, యంత్రాలున్నాయి, యునెస్కో సాయంతో అన్నీ అమర్చారు. రేడియో మాత్రం మోగదు. లైసెన్సు లేదు. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పిచ్చింది. కానీ ఊళ్లో ఆడవాళ్లు రేడియో నడుపుకుంటామంటే అనుమతికి దారే లేదు. అయినా వాళ్లు ఊరుకోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసేవారు. విత్తనాల ముచ్చట్లు, పాటలు, పశువుల రోగాలకు నాటు మందులు, ఆడవాళ్ల ఆరోగ్యం. క్యాసెట్లు సంఘం మీటింగులకు పట్టుకెళ్లి వినిపించేవారు. అప్పట్లో నాకు అది అమాయకత్వం అనిపించిందని చెప్పలేను. మొండితనమనిపించింది. ఎప్పటికైనా వస్తుందని రోజూ రికార్డు చేసిపెట్టే మొండితనం.

వచ్చింది. కేంద్రం 2006లో కమ్యూనిటీ రేడియో విధానాన్ని మార్చి స్వచ్ఛంద సంస్థలకూ అవకాశం ఇచ్చింది. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాలిలోకి ఎక్కింది. గ్రామీణ మహిళల అంతర్జాతీయ దినం కూడా ఆ రోజే. ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్, 1995 తీర్పిచ్చిన ధర్మాసనంలో ఉన్న న్యాయమూర్తి. నడిపేవాళ్లు ఇద్దరు దళిత యువతులు, ఇద్దరి పేరూ నర్సమ్మే. నేను అప్పటికి ఉద్యోగంలో పడి హైదరాబాద్ ట్రాఫిక్‌లో తిరుగుతున్నాను. పేపర్లో ఫొటో చూసి ఆ యంత్రాల గది గుర్తుపట్టాను. సిటీలో ఆ స్టేషన్ పట్టదని తెలిసి కూడా ఇంటికెళ్లి రేడియో తిప్పి చూశాను. గరగర తప్ప ఏమీ రాలేదు.

తర్వాత వీలున్నప్పుడల్లా జాతరకు వెళ్లాను. అన్నిసార్లూ ఒకేలా లేదు. ఒక ఏడు కరువు, బండ్ల మీద గింజలు తక్కువ, మాటలు ఎక్కువ. ఇంకో ఏడు ఎక్కడెక్కడి నుంచో కెమెరాలతో వచ్చినవాళ్లు ఎక్కువైపోయి, హారతి పట్టే ఆవిడను “ఇంకోసారి, ఇటు తిరిగి” అంటూ ఆపేశారు. ఆమె పళ్లెం పక్కన పెట్టి, “ఎద్దులకు గాదు, మీకు పట్టాల్నా?” అంది. నాకు భలే సంతోషమేసింది, నా మెడలోనూ కెమెరా ఉన్నా సరే. కుర్రాళ్లు కోలాటం వైపు కంటే ఫోన్ల వైపే చూస్తున్నారు. ఎడ్లున్న ఇళ్లు తగ్గిపోయాయి. బండ్లు కట్టాలంటే ఎడ్ల కోసం వెతకాల్సిన పరిస్థితి.

ఇంకోవైపు చిరుధాన్యాల దశ తిరిగింది. 2013 ఆహార భద్రత చట్టంలో కిలో రూపాయికి ముతక ధాన్యాలు అని రాశారు. దానికోసం గట్టిగా అడిగినవాళ్లలో ఈ సంఘాలూ ఉన్నాయి. 2019లో సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడు మార్చిలో సతీష్ గారు పోయారు. ఆ ఏడాదంతా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కొర్రల ఉప్మా వీడియోలు. సూపర్ మార్కెట్లో అరకిలో అండుకొర్రల ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. ప్యాకెట్ మీద ఎవరో పొలంలో నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ. బొమ్మలో ఆవిడకు పేరుండదు. షుగర్ తగ్గుతుందని తినేవాళ్లను నేనేం అనను, మా ఇంట్లోనూ అందుకే వండుతున్నాం. కాకపోతే కొర్రలు కొంటున్నప్పుడు, వీటి మీద ఎవరు ఏం పాడుకున్నారో అన్న ఆరా ఒకటి నాలో మొదలవుతుంది. పాట పోతే పంట పోతుందా, పంట పోతే పాట పోతుందా అని ఒక సభలో ఎవరో చర్చ పెట్టారు. నేను చూసినంతలో రెండూ ఒకే ఇంట్లోంచి ఒకే రోజు బయటికి పోతాయి, ఇసుర్రాయి పెరట్లోకి చేరిన రోజు.

క్యాసెట్లు చాలా ఏళ్లు అట్టపెట్టెలోనే ఉండిపోయాయి. రెండింటికి బూజు పట్టింది. లాక్‌డౌన్ అయ్యాక వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే కుర్రాడొకడు దొరికాడు. బతికినవన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మాచ్‌నూర్ వెళ్లాను. ఇసుర్రాయి అవ్వ అప్పటికే పోయింది. వాళ్ల కోడలు వచ్చింది, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లు వచ్చారు. స్టూడియో పక్క గదిలో స్పీకర్లు పెట్టి వినిపించారు. ముందు రాయి తిరిగే శబ్దం, తర్వాత గొంతు. నేను ఏడుస్తారేమో అని బ్యాగులో కర్చీఫ్ వెతుక్కుంటున్నాను. వాళ్లకు అంత తీరిక ఎక్కడిది! రెండో చరణం దగ్గరే ఒకామె చెయ్యెత్తి ఆపించింది.

“గట్లగాదు. కంది సాలు పక్కన పెసర ముందస్తది, మినుము ఎనుకొస్తది.”

“మీ ఊర్ల గట్ల. మా దిక్కు మినుమే ముందు.”

“మా అత్త తప్పు పాడదు” అని కోడలు అడ్డం తిరిగింది.

“తప్పని ఎవలన్నరు? మీది నల్లనేల, మాది ఎర్రనేల. మీరు గట్లనే ఏస్తరు.”

“అయితె మీ పాట పాడి సూపెట్టు.”

ఆమె పాడింది. కోడలు మధ్యలో ఆపి తన వరుస అందుకుంది. ఇంకొకామెకు మూడో వరుస గుర్తొచ్చింది, దాంట్లో అవిసెలు కూడా ఉన్నాయి. రేడియో అమ్మాయి మాట్లాడకుండా మైకు జరిపి రికార్డింగ్ బటన్ నొక్కింది. ఆ పంచాయితీ తెగకముందే నా బస్సు టైమైంది. పెన్‌డ్రైవ్ వాళ్ల దగ్గరే వదిలేసి, జహీరాబాద్ వెళ్లే ఆటో ఎక్కాను.